పాఠం 11 : ల్యాప్‌టాప్ సంరక్షణ

11.1 పరిచయం

ఒక సంఘటనను ఊహించుకుందాం. మే నెల. మధ్యాహ్నం మూడు గంటలు. ఒక ఊళ్లో స్వయం సహాయక సంఘం లెక్కలు రాసే ఒక మహిళ మంచం మీద కూర్చొని, దూది పరుపుపై ల్యాప్‌టాప్ పెట్టుకొని పనిచేస్తోంది. గంట గడిచేసరికి దాని అడుగు భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. లోపలి ఫ్యాను పెద్దగా రొద చేసింది. ఉన్నట్టుండి తెర నల్లబడిపోయింది. మళ్లీ స్విచ్చి నొక్కితే వెలిగింది గానీ, రెండు నిమిషాలకే ఆగిపోయింది.

మర్నాడు ఆమె దాన్ని పట్నంలోని మరమ్మతు దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణం కుర్రాడు అడుగు మూత విప్పి చూశాడు.

“అక్కా, మిషను కాలిపోలేదు. దీనికి ఊపిరాడలేదు, అంతే. చూడండి, ఫ్యాను నిండా దుమ్మూ దూదీ!”

“హమ్మయ్య! త్వరగా బాగుచెయ్యి తమ్ముడూ. మా సంఘం లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి.”

“ఇంకెక్కడైనా దాచుకున్నారా?”

“లేదయ్యా, ఇందులోనే.”

“అయితే ఈసారికి గట్టెక్కారక్కా. డిస్కే పోయుంటే కొత్తది వేసి మిషను ఇవ్వగలను గానీ, మీ లెక్కలు ఎక్కడి నుంచి తెచ్చివ్వను?”

ఈ సంభాషణలో రెండు విషయాలున్నాయి. ఒకటి, యంత్రాన్ని కాపాడుకోవడం. రెండు, యంత్రంలో మనం దాచుకున్న సమాచారాన్ని కాపాడుకోవడం. మొదటిది పోతే డబ్బు పోతుంది. రెండోది పోతే డబ్బు పెట్టినా చాలాసార్లు తిరిగి రాదు. ఈ రెండింటినీ ఈ పాఠంలో నేర్చుకుందాం.

11.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :

• ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుందో, వేడిని ఎలా తగ్గించాలో వివరించగలుగుతారు.
• నీళ్లు ఒలికినప్పుడు వెంటనే చేయవలసిన పనులను వరుసగా చెప్పగలుగుతారు.
• మీ ల్యాప్‌టాప్‌కు సరిపోయే ఛార్జరును గుర్తించగలుగుతారు.
• బ్యాటరీ ఎక్కువకాలం మన్నేలా వాడగలుగుతారు. ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.
• ముఖ్యమైన సమాచారానికి నకళ్లు తీసి భద్రపరచగలుగుతారు.

11.3 ల్యాప్‌టాప్‌కు ప్రత్యేక శ్రద్ధ ఎందుకు?

ఎక్కడికైనా మోసుకెళ్లగల కంప్యూటరు అనే ఆలోచన కొత్తది కాదు. 1981లో అమెరికాలో ‘ఆస్‌బోర్న్ 1’ అనే కంప్యూటరు అమ్మకానికి వచ్చింది. దాన్ని తెచ్చిన ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యం తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడిచింది. ఆయన 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. ఆ కంప్యూటరు బరువు సుమారు 11 కిలోలు. తెర కొలత (మూల నుంచి మూలకు) 5 అంగుళాలే. దాన్ని మామూలుగా గోడకున్న ప్లగ్గులో పెట్టి వాడేవారు.

నేటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు కిలోన్నర నుంచి రెండు కిలోల బరువుంటాయి. తెర, కీబోర్డు, ప్రాసెసరు, డిస్కు, బ్యాటరీ అన్నీ ఒక పలకంత మందంలో ఇమిడిపోయాయి. బల్లమీద పెట్టే పెద్ద కంప్యూటరు పెట్టెలో గాలి ఆడే చోటు ఎక్కువ. పాడైన భాగాన్ని మార్చడమూ తేలిక. ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువ. పైగా కీబోర్డు కిందనే ముఖ్యమైన భాగాలుంటాయి. అందుకే దుమ్ము, నీళ్లు, దెబ్బ, వేడి వీటిలో ఏది తగిలినా దాని ప్రభావం త్వరగా కనబడుతుంది.

11.4 వేడి, దుమ్ము

ప్రాసెసరు పనిచేస్తున్నంతసేపూ వేడి పుడుతుంది. ఆ వేడిని ఒక రాగి గొట్టం ఫ్యాను దగ్గరకు చేరుస్తుంది. ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగి, వేడిగాలిని పక్కనున్న లేదా వెనకనున్న రంధ్రాల గుండా బయటకు నెడుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో గాలిని లోపలికి లాగే రంధ్రాలు అడుగు భాగాన ఉంటాయి.

మెత్తటి పరుపు మీదో, బొంత మీదో, దిండు మీదో పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి ముందుగా వేగం తగ్గించుకుంటుంది. పని మందగించడానికి ఇదొక కారణం. వేడి ఇంకా పెరిగి సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. మన కథలో జరిగింది ఇదే.

చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల లోపు వేడి ఉన్న గదిలో వాడమని తయారీదారులు సూచిస్తారు. మన ప్రాంతంలో ఎండాకాలం పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి ఈ జాగ్రత్తలు మనకు మరింత అవసరం :

1. గట్టిగా, చదునుగా ఉన్న చోట పెట్టి వాడండి. బల్ల లేకపోతే చెక్క పలకైనా, పెద్ద స్టీలు పళ్లెమైనా సరే.
2. వేసవిలో వీడియోలు చూడటం వంటి బరువైన పనులను పొద్దున్నో రాత్రో చేసుకోండి.
3. ఎండలో నిలిపిన కారులోనో, రేకుల షెడ్డులోనో, పొయ్యి పక్కనో ఉంచకండి.
4. నెలకొకసారి యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, గాలి రంధ్రాల దగ్గర మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి.
5. ఇల్లూడ్చేటప్పుడు మూత వేసి, పైన పలచటి గుడ్డ కప్పండి. వాడేటప్పుడు మాత్రం ఆ గుడ్డ తప్పక తీసివేయండి.

లోపలి దుమ్ము కోసం మూత విప్పడం అనుభవం లేనివారు చేయకూడదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తెలిసిన మెకానిక్కుతో శుభ్రం చేయించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

(అ) పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది?
(ఆ) బాగా వేడెక్కిన ప్రాసెసరు మొదట ఏం చేస్తుంది?

11.5 నీరు, తేమ

టీ గ్లాసు, మంచినీళ్ల చెంబు, కూర గిన్నె – వీటికీ ల్యాప్‌టాప్‌కూ మధ్య కనీసం మూరెడు దూరం ఉండాలి. వీలైతే వీటిని ల్యాప్‌టాప్ ఉన్న బల్ల మీద కాకుండా పక్కన కింద పెట్టుకోండి. కింద పెట్టిన గ్లాసు ఒలికితే నేల తడుస్తుంది. బల్ల మీది గ్లాసు ఒలికితే యంత్రం తడుస్తుంది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి ఒలుకుతుంది. అప్పుడు కంగారు పడకుండా ఈ వరుసలో చేయండి :

మొదట గోడ దగ్గర స్విచ్చి ఆపి, ఛార్జరు తీసేయండి. చేతులు తడిగా ఉంటే ముందు తుడుచుకోండి. తరువాత పవర్ బటన్‌ను నొక్కిపట్టి యంత్రాన్ని ఆపేయండి. రాస్తున్నది పోతుందేమోనని ఆలస్యం చేయకండి. బయటకు తీయగల బ్యాటరీ అయితే తీసేయండి. పెన్‌డ్రైవు, మౌసు వంటివి ఊడదీయండి. ఆ పైన మూత బాగా తెరిచి, కీబోర్డు కిందివైపుకు వచ్చేలా, ఇంటి కప్పు ఆకారంలో తువ్వాలు మీద బోర్లించండి. పైకి కనబడే తడిని అద్దుతూ తుడవండి.

ఇక చేయకూడనివి. “పనిచేస్తుందో లేదో చూద్దాం” అని స్విచ్చి నొక్కకండి. చాలాసార్లు యంత్రాన్ని చంపేది నీళ్లకన్నా, తడి మీద పారిన కరెంటే. జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రం వాడకండి. బియ్యంలో పెడితే తడి పోతుందని చాలామంది అంటారు. బియ్యం లోపలి తడిని పీల్చలేదు సరికదా, దాని పిండి, నూకలు రంధ్రాల్లో చేరతాయి. టీ, కాఫీ, కూల్‌డ్రింకు వంటివి ఆరిన తరువాత కూడా చక్కెర జిగురు లోపల మిగిలిపోతుంది. కాబట్టి ఆరిందని వదిలేయకుండా మెకానిక్కుకు చూపించండి. ఏం ఒలికిందో దాచకుండా చెప్పండి.

ముసురు రోజుల్లో గోడ వారగా, కిటికీ కింద ఉంచకండి. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న చోటికి తెచ్చినప్పుడు చల్లటి లోహం మీద తేమ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీటి బొట్లు పట్టినట్టే. అరగంట ఆగి, ఆ తరువాత వాడండి.

11.6 కరెంటు, ఛార్జరు

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ల్యాప్‌టాప్‌కు కావలసింది చాలా తక్కువ, ఎక్కువ రకాలకు 19 లేదా 20 వోల్టులు. ఈ మార్పు చేసేదే ఛార్జరు పెట్టె. మీ ఛార్జరును చేతిలోకి తీసుకొని, దాని మీది చిన్న అక్షరాలు చదవండి. ‘ఇన్‌పుట్’ దగ్గర 100–240 వోల్టులు అని, ‘అవుట్‌పుట్’ దగ్గర ఉదాహరణకు 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటుంది. ఈ రెండో వరుసను గుణిస్తే దాని శక్తి తెలుస్తుంది.

20 × 3.25 = 65 వాట్లు

పాత ఛార్జరు పాడై కొత్తది కొనవలసి వస్తే మూడు విషయాలు చూడండి. ఒకటి, అవుట్‌పుట్ వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి. రెండు, ఆంపియర్లు పాతదానితో సమానంగానైనా, అంతకన్నా ఎక్కువగానైనా ఉండాలి. తక్కువ ఉండకూడదు. మూడు, పిన్ను సరిగ్గా బిగుసుకోవాలి. టైప్-సి పిన్ను ఉన్న కొత్త ఛార్జర్లు ల్యాప్‌టాప్‌తో సరిచూసుకొని తగిన వోల్టులు ఇస్తాయి. వాటి విషయంలో వాట్లు సరిపోతాయో లేదో చూసుకుంటే చాలు. చవకగా దొరికే ముద్ర లేని ఛార్జరు కొనకండి. అది ఛార్జరుతో పాటు ల్యాప్‌టాప్‌ను కూడా పాడుచేయవచ్చు.

ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గును గోడలోంచి పూర్తిగా ఊడదీయాలి. ఈ పని గాలివాన మొదలు కాకముందే చేయండి. ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ వైరు తగిలించి ఉంటే దాన్నీ తీసేయండి. కరెంటు మాటిమాటికీ పోయి వచ్చే సమయంలో బ్యాటరీ మీదే పనిచేసుకొని, కరెంటు నిలకడగా వచ్చాక ఛార్జింగు పెట్టండి.

వైరును పట్టి లాగవద్దు, పిన్నును పట్టి తీయండి. వైరును ఛార్జరు పెట్టె చుట్టూ బిగించి చుట్టకండి. మొదట్లోనే వంగి లోపలి తీగ తెగుతుంది. వదులుగా చుట్టండి. పైతొడుగు చిట్లిన వైరును టేపు వేసి వాడటం ప్రమాదం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

(అ) ఒక ఛార్జరు మీద 19 వోల్టులు, 4 ఆంపియర్లు అని ఉంది. దాని శక్తి ఎన్ని వాట్లు?
(ఆ) నీళ్లు ఒలికిన ల్యాప్‌టాప్‌ను వెంటనే ఆన్ చేసి చూడవచ్చా? కారణం చెప్పండి.

11.7 బ్యాటరీ

“బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగు పెట్టాలి” అన్న మాట మీరు వినే ఉంటారు. ఇది ఒకప్పటి నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా. నేటి ల్యాప్‌టాప్‌లలో ఉన్నవి లిథియం-అయాన్ బ్యాటరీలు. ఇవి 1991లో మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. వీటి అభివృద్ధికి కృషిచేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వీటికి పాత సలహా పనికిరాదు. పైగా పూర్తిగా ఖాళీ చేయడం వల్ల ఇవి త్వరగా అరుగుతాయి.

లిథియం-అయాన్ బ్యాటరీకి ఎక్కువ హాని చేసేవి రెండు. ఒకటి వేడి. రెండోది రోజుల తరబడి నూటికి నూరు శాతం నిండి ఉండటం. ఈ రెండూ కలిస్తే లోపలి రసాయన చర్యలు వేగం పుంజుకొని, అది పట్టి ఉంచగల ఛార్జి క్రమంగా తగ్గుతుంది. అందుకే :

• సుమారు 20 శాతానికి తగ్గేసరికి ఛార్జింగు పెట్టండి. రోజువారీ వాడకానికి 80 శాతం చాలు. ప్రయాణం ఉన్న రోజున పూర్తిగా నింపుకోవడంలో తప్పులేదు.
• ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడేవారు, ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయం తమ ల్యాప్‌టాప్‌లో ఉందేమో చూసుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది ఉంటుంది.
• నెలల తరబడి వాడకుండా దాచవలసి వస్తే సగం ఛార్జితో, చల్లటి పొడి చోట ఉంచండి. రెండు మూడు నెలలకొకసారి తీసి చూడండి.

ఎంత బాగా చూసుకున్నా బ్యాటరీ కొన్నేళ్లకు అరిగిపోతుంది. అది సహజం. కానీ ఒక సూచనను మాత్రం ఎన్నడూ తేలికగా తీసుకోకూడదు. అడుగు భాగం ఉబ్బినట్టున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. వెంటనే ఆపేయండి. ఛార్జింగు పెట్టకండి. గుచ్చడం, నొక్కడం, గాలి తీయాలని చూడటం చేయకండి. అది మంట రేపవచ్చు. పిల్లలకూ, పరుపులకూ, కాగితాలకూ దూరంగా ఉంచి, మెకానిక్కుకు చూపించండి.

పాత బ్యాటరీని చెత్తకుండీలో పారేయకూడదు. 2022లో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్త బ్యాటరీ కొనే చోట పాతదాన్ని తీసుకుంటారేమో అడగండి.

11.8 దెబ్బలు, కుదుపులు, శుభ్రత

పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా హార్డ్ డిస్కు ఉంటుంది. అందులో పలకలు నిమిషానికి సాధారణంగా 5400 సార్లు తిరుగుతాయి. వాటిని చదివే మొన పలకకు తగలకుండా తేలుతుంటుంది. వాటి మధ్య దూరం తలవెంట్రుక మందంకన్నా వేల రెట్లు తక్కువ. పనిచేస్తున్నప్పుడు ఠపీమని కింద పెడితే ఆ మొన పలకను గీసేయవచ్చు. అక్కడున్న సమాచారం పోతుంది. కొత్తవాటిలో ఉండే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు. కుదుపులను అది బాగా తట్టుకుంటుంది. అయితే కింద పడితే తెర, మూత కీళ్లు పగిలే ప్రమాదం రెండింటికీ ఒకటే.

ఒక గదిలోంచి మరో గదికి తీసుకెళ్లేటప్పుడు మూత వేసి, రెండు చేతులతో అడుగు భాగాన్ని పట్టుకోండి. తెరను పట్టి ఎత్తకండి. మూతను ఒక మూల పట్టి కాకుండా మధ్యలో పట్టి తెరవండి. మూసే ముందు కీబోర్డు మీద పెన్ను, ఇయర్‌ఫోను వంటివి లేవని చూసుకోండి. మూతకూ కీబోర్డుకూ మధ్య నలిగి తెర పగలడం తరచుగా జరిగే నష్టం. బస్సులో, రైల్లో వెళ్లేటప్పుడు మెత్త ఉన్న సంచిలో పెట్టి, యంత్రాన్ని పూర్తిగా ఆపి తీసుకెళ్లండి. ఆపకుండా సంచిలో పెడితే లోపలే వేడెక్కవచ్చు.

తుడిచేటప్పుడు యంత్రం ఆగి ఉండాలి, ప్లగ్గు తీసి ఉండాలి. కళ్లద్దాలు తుడిచే రకం మెత్తటి గుడ్డను కొద్దిగా తడిపి, బాగా పిండి, తెరను సుతారంగా తుడవండి. నీటిని నేరుగా తెర మీద చల్లకండి. కిటికీ అద్దాలు తుడిచే ద్రవాలు తెరపూతను పాడుచేయవచ్చు.

11.9 లోపలి సమాచారం

ఇప్పుడు మన కథలోని రెండో విషయానికి వద్దాం. ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ల్యాప్‌టాప్ పోవచ్చు. దొంగతనం జరగవచ్చు. వరద రావచ్చు. డిస్కు చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. హార్డ్ డిస్కు నుంచి టకటకమని చప్పుడు వస్తే అది చివరి హెచ్చరిక కావచ్చు. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఆ హెచ్చరిక కూడా ఇవ్వదు.

దీనికి విరుగుడు నకలు తీసి దాచుకోవడం. కంప్యూటరు పనివారు ‘మూడు-రెండు-ఒకటి’ అనే సూత్రం చెబుతారు. ముఖ్యమైన సమాచారం మూడు ప్రతులుండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాల్లో ఉండాలి. వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. సంఘం లెక్కలనే తీసుకోండి. ఒక ప్రతి ల్యాప్‌టాప్‌లో. రెండోది పెన్‌డ్రైవులో. మూడోది ఇంటర్నెట్ నిల్వలో, లేదా సంఘం అధ్యక్షురాలి ఇంట్లో ఉంచే మరో డ్రైవులో. చేతితో రాసే పుస్తకం ఎలాగూ ఉండనే ఉంటుంది. దాన్ని మానకండి.

మూడు మాటలు గుర్తుంచుకోండి. నకలు తీసే రోజును వారంలో ఒకటి ఖాయం చేసుకోండి. తీసిన నకలును తెరిచి చూడండి, తెరుచుకోని నకలు లేనట్టే. పని కాగానే పెన్‌డ్రైవును ఊడదీసి వేరుగా పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, ల్యాప్‌టాప్‌కు పట్టిన వైరస్ దానికీ పడుతుంది.

పాత ల్యాప్‌టాప్ కొనేవారు మరొకటి గమనించాలి. విండోస్ 10కి మామూలుగా ఉచితంగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కాబట్టి కొనే ముందు అందులో ఏ విండోస్ ఉందో, కొత్తది వేయడానికి వీలుందో లేదో అడిగి తెలుసుకోండి.

మన కథలోని మహిళ ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం సంఘం సమావేశం ముగిశాక నకలు తీస్తోందనుకుందాం. ల్యాప్‌టాప్‌ను చెక్క పలక మీద పెట్టి వాడుతోంది. రేపు ఆ ల్యాప్‌టాప్ ఆగిపోయినా ఆమెకు నష్టం ఉంటుంది. కానీ పదిమంది నమ్మి అప్పగించిన లెక్క మాత్రం పోదు.

11.10 మీరేం నేర్చుకున్నారు?

• గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూడటం, దుమ్ము దులపడం వల్ల ల్యాప్‌టాప్ వేడెక్కదు.
• నీళ్లు ఒలికితే మొదట కరెంటు తీయాలి. ఆరేవరకు ఆన్ చేయకూడదు.
• ఛార్జరు వోల్టులు సమానంగా, ఆంపియర్లు సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి.
• బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయనక్కరలేదు. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు.
• ముఖ్యమైన సమాచారం ఒకే చోట ఉండకూడదు.

11.11 పాఠాంత ప్రశ్నలు

1. ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది. మీరు చేసే పనులను వరుసక్రమంలో రాయండి.
2. లిథియం-అయాన్ బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
3. ‘మూడు-రెండు-ఒకటి’ సూత్రాన్ని మీ ఇంటి అవసరానికి అన్వయించి రాయండి.
4. కృత్యం : మీకు అందుబాటులో ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జరు మీది అంకెలు రాసుకొని, దాని శక్తిని వాట్లలో లెక్కించండి.

11.12 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ జవాబులు

1. (అ) అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోయి, లోపలి వేడి బయటకు పోదు కాబట్టి.
(ఆ) తన వేగాన్ని తగ్గించుకుంటుంది.

2. (అ) 19 × 4 = 76 వాట్లు.
(ఆ) ఆన్ చేయకూడదు. తడి మీద కరెంటు పారితే లోపలి భాగాలు పాడవుతాయి.